టౌన్‌షిప్ జనాభా 1,140 అంటే ఊళ్ళో అంతమంది ఉన్నారని కాదు

ప్రశ్న క్లుప్తంగా: మిషిగన్‌లో నోవై ఆఫీసుకి యాభై నిమిషాల దూరంలో, పదెకరాల స్థలంతో ఒక ఇల్లు నచ్చింది. అడ్రసులో ఒక ఊరి పేరుంది, పన్ను కాగితం మీద ఇంకేదో టౌన్‌షిప్ పేరుంది. వికీపీడియాలో ఆ టౌన్‌షిప్ జనాభా 1,140 అని ఉంది, పదేళ్ళ ముందు లెక్కలో 1,210. ఏషియన్లు 0.3 శాతం. ఇంత చిన్న ఊళ్ళో పిల్లలతో ఉండగలమా? ఊరు ఖాళీ అయిపోతోందా? మనవాళ్ళెవరైనా ఉంటారా?

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, తప్పుగా అనుకోకండి. ఇల్లు కొనేముందు మా ఆవిడ కూడా ఇవే ప్రశ్నలు, దాదాపు ఇదే వరసలో అడిగింది. ఆ తర్వాత 1,800 మంది ఉన్న ఒక టౌన్‌షిప్‌లో పదకొండేళ్ళు కాపురం చేశాం. మధ్యలో కొన్నేళ్ళు ఒక కౌంటీ ఆఫీసులో మ్యాపుల పని చేశాను. 2020లో ఉన్న ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నప్పుడు సెన్సస్ వాళ్ళ తరఫున ఇంటింటికీ తిరిగాను. అంటే ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చూశాను.

1,140 అనగానే మీ కళ్ళ ముందు ఒక ఊరు కనబడుతూ ఉంటుంది. నాలుగు వీధులు, ఒక సెంటరు, ఒక కొట్టు, ఒక చర్చి. అక్కడికి వెళ్తే అవేవీ ఉండకపోవచ్చు. టౌన్‌షిప్ అనేది ఊరు కాదు, నేల మీద గీసిన చదరం. ఆ గీతల మధ్య ఎవరు పడుకుంటే వాళ్ళందరినీ కూడితే వచ్చేదే ఆ 1,140.

ఈ చదరం సంగతి తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు, అందుకని కొంచెం ఓపిక పట్టండి. 1785లో, అమెరికా రాజ్యాంగం ఇంకా రాయకముందే, ల్యాండ్ ఆర్డినెన్స్ అని ఒక చట్టం చేశారు. యుద్ధం అప్పులు తీర్చాలి, చేతిలో డబ్బు లేదు, పడమటి వైపు భూమి ఉంది. అమ్మాలంటే ముందు కొలవాలి. అందుకని నేలనంతా ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చదరాలుగా కోశారు. ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్. అందులో మైలుకి మైలు చొప్పున 36 గళ్ళు. ఒక్కో గడి ఒక సెక్షన్, 640 ఎకరాలు. పదహారో సెక్షన్ బడి కోసం విడిచిపెట్టారు. మిషిగన్‌లో ఈ కొలతలు 1815లో మొదలయ్యాయి. ఒజిబ్వే, ఒడావా, పొటావాటమీ ప్రజలు అప్పటికే అక్కడ ఉన్నారు. 1807 ఒప్పందంతో వాళ్ళ చేతి నుంచి ఆగ్నేయ భాగం భూమి రాయించుకున్నాకే గొలుసు పట్టుకుని సర్వే వాళ్ళు దిగారు. ఆ తర్వాత రైతులు వచ్చారు. అంటే ముందు హద్దు పడింది, తర్వాత ఊళ్ళు వచ్చాయి. మనకి తెలిసిన పద్ధతికి ఇది తలకిందులు.

మీరు రోజూ నోవై వెళ్తారు కాబట్టి ఈ చదరం మీద రోజూ కారు నడుపుతున్నారు. 8 మైల్ రోడ్డు నుంచి 14 మైల్ రోడ్డు దాకా ఆరు మైళ్ళు. హాగర్టీ దగ్గర మొదలుపెట్టి పడమటికి వెళ్ళండి: మెడోబ్రూక్, నోవై రోడ్డు, టాఫ్ట్, బెక్, విక్సమ్, నేపియర్. మైలుకొకటి, మొత్తం ఆరు. అదే పాత నోవై టౌన్‌షిప్. 8 మైల్ రోడ్డయితే మిషిగన్ మొత్తానికీ కొలతలు మొదలుపెట్టిన బేస్‌లైన్ మీదే ఉంది. రోడ్లన్నీ తూర్పు పడమరలు, ఉత్తర దక్షిణాలు తూచి వేసినట్టు ఉండడానికి కారణం ఇదే. సెక్షన్ల లెక్క కూడా ఈశాన్యం మూల ఒకటితో మొదలై, ఎద్దులు చాలు తిరిగినట్టు అటూ ఇటూ తిరుగుతూ ఆగ్నేయం మూల 36తో ఆగుతుంది. వాస్తు చూసే మావగారు ఎవరైనా ఉంటే ఈ మాట చెప్పండి, సంతోషిస్తారు.

ఆ సర్వే చదరం మీదే తర్వాత పాలన కూడా పెట్టారు. మిషిగన్‌లో ఇలాంటి టౌన్‌షిప్ ప్రభుత్వాలు 1,240 ఉన్నాయి. మన దగ్గర రెవెన్యూ గ్రామం హద్దు వేరు, పంచాయతీ హద్దు వేరు అయినట్టు ఇక్కడ కూడా అక్కడక్కడా రెండూ కలవవు. ఉత్తరాన అడవి కౌంటీల్లో రెండు మూడు సర్వే చదరాలు కలిపి ఒకే టౌన్‌షిప్ చేశారు. దక్షిణాన మాత్రం చాలా చోట్ల చదరం చదరంలాగే ఉంది.

అడ్రసు గొడవ ఒక్క మాటలో తేల్చేస్తాను. అడ్రసులో ఉన్న ఊరి పేరు మీ ఇంటికి ఉత్తరాలు తెచ్చే పోస్టాఫీసుది. జిప్ కోడ్లు 1963లో ఉత్తరాలు పంచడానికి పెట్టినవి, వాటికి పాలన హద్దులతో సంబంధం లేదు. మీరు ఓటు వేసేదీ, పన్ను కట్టేదీ టౌన్‌షిప్‌లో. పిల్లల బడి ఈ రెండూ కాని స్కూల్ డిస్ట్రిక్ట్ చేతిలో ఉంటుంది, దాని హద్దు ఇంకో దారిన పోతుంది. ఒకే రోడ్డుకి ఎదురెదురు ఇళ్ళ పిల్లలు వేరే వేరే బస్సులు ఎక్కడం మా వీధిలోనే చూశాను.

ఇక జనాభా ఎందుకు తగ్గుతోంది అన్నది. దీనికి కాలిక్యులేటర్ చాలు.

ఒక చదరంలో 36 సెక్షన్లు, అంటే 23,040 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబానికి ఇచ్చింది 160 ఎకరాలు, సెక్షన్‌లో పావు వంతు. మిషిగన్ దక్షిణ భాగంలో భూమి చాలావరకు అంతకు ముందే అమ్ముడుపోయింది కానీ, ఒక రైతు కమతం అంటే ఇంత అనే ఊహ దాదాపు అదే. బడి సెక్షన్ తీసేస్తే చదరంలో 140 కమతాలు పడతాయి. ఇంటికి అయిదుగురు అనుకున్నా 700 మంది. గుర్రాలతో దున్ని, చేత్తో పాలు పితికిన రోజుల్లో నిండుగా ఉన్న చదరం అంటే అదీ. 2022 వ్యవసాయ లెక్కల ప్రకారం అమెరికాలో సగటు కమతం 463 ఎకరాలు. అదే నేలని 463తో భాగిస్తే దాదాపు 50 కమతాలు. ఇప్పుడు ఇంటికి సగటున రెండున్నర మంది. అంటే 125 మంది. నేల అంతే ఉంది, పంట పెరిగింది, మనుషులు అయిదో వంతు కంటే తక్కువయ్యారు. అటు డకోటాల వైపు పదిహేను వందల ఎకరాల కమతం పెద్ద విశేషం కాదు, అక్కడైతే చదరానికి పదిహేను కుటుంబాలే మిగులుతాయి. దేశం మొత్తం మీద 1935లో 68 లక్షల కమతాలు ఉండేవి, 2022కి 19 లక్షలయ్యాయి.

మరి మీరు చూసిన టౌన్‌షిప్‌లో 125 కాకుండా 1,140 మంది ఎందుకున్నారు? ఎక్కువమంది రైతులు కారు కాబట్టి. రోడ్డు వెంట అయిదెకరాలు, పదెకరాలు ముక్కలు చేసి అమ్మితే కొనుక్కుని, పొద్దున్నే కారెక్కి ఎక్కడికో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు వాళ్ళు. అంటే మీలాంటివాళ్ళే. పల్లె అనుకుని వెళ్తున్నారు కానీ, అక్కడ పొలం ఒకరిది, జనాభా ఇంకొకరిది.

ఇప్పుడు వికీపీడియా పేరా ఎలా చదవాలో చెబుతాను. ఆ వాక్యాలు ఏ టౌన్‌షిప్‌కి చూసినా అచ్చు ఒకేలా ఉంటాయి, గమనించారా? "ఇంతమంది జనం, ఇన్ని హౌస్‌హోల్డ్‌లు, ఇన్ని ఫ్యామిలీలు, ప్రతి 100 మంది ఆడవాళ్ళకి 98.7 మంది మగవాళ్ళు." ఎవరో ఊరు చూసి రాసినవి కావవి. 2002 అక్టోబరులో ఒక బాట్, అంటే తనంతట తానే పేజీలు రాసే ప్రోగ్రాం, 2000 సెన్సస్ పట్టికలు తీసుకుని, కొద్ది రోజుల్లో 30 వేలకు పైగా అమెరికా ఊళ్ళకి ఒకే అచ్చులో పేజీలు పోసేసింది. చాలా చిన్న టౌన్‌షిప్‌ల పేజీలు ఇప్పటికీ ఆ అచ్చులోనే ఉన్నాయి. కాబట్టి ముందు అది ఏ సంవత్సరం లెక్కో చూడండి. కొన్ని పేజీల్లో పైన పెట్టెలో 2020 అంకె, కింద పేరాలో 2000 అంకెలు ఉంటాయి. చదివేవాళ్ళు రెండూ కలిపేసుకుంటారు.

హౌస్‌హోల్డ్ అంటే ఒక ఇంట్లో ఉండేవాళ్ళు, ఒక్కరున్నా సరే. ఫ్యామిలీ అంటే అందులో చుట్టరికం ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరు కలిసి ఉన్న ఇల్లు. ఈ రెండు అంకెల మధ్య ఎంత ఎక్కువ తేడా ఉంటే ఒంటరిగా ఉండేవాళ్ళు అంత ఎక్కువని అర్థం. పల్లెల్లో ఒంటరివాళ్ళంటే చాలావరకు భర్త పోయిన పెద్దావిడలు. ఇల్లు అమ్మకానికి వచ్చేదీ తరచు అక్కడి నుంచే.

ఇంకో మెలిక. మిషిగన్‌లో సిటీ అయితే టౌన్‌షిప్ నుంచి విడిపోతుంది. విలేజ్ అయితే విడిపోదు, టౌన్‌షిప్‌లో భాగంగానే ఉంటుంది, ఆ జనం టౌన్‌షిప్ లెక్కలోకి కూడా వస్తారు. మీ 1,140లో ఏదో ఒక విలేజ్‌వాళ్ళు 600 మంది ఉన్నారనుకోండి, అప్పుడు మీ ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ మీరనుకున్న దానికి రెట్టింపు. మ్యాపు తెరిచి చదరంలో విలేజ్ గీత ఏదైనా ఉందేమో చూడండి.

సిటీ విడిపోతే ఏమవుతుందో మీ ఆఫీసు పక్కనే చూడొచ్చు. 1969లో నోవై సిటీ అయినప్పుడు దాదాపు మొత్తం టౌన్‌షిప్ అందులో కలిసిపోయింది. మిగిలింది ఒకే ఒక్క ఇళ్ళ కాలనీ. చదరపు మైలులో పదో వంతు చోటు. దాని పేరు ఇప్పటికీ నోవై టౌన్‌షిప్. 2010 లెక్కల్లో దాని జనాభా 150. చుట్టూ 66 వేల మంది ఉన్న సిటీ. ఆ 150ని చూసి ఎవరైనా మారుమూల పల్లె అనుకుంటే ఏం చెబుతాం? ఆ మాటకొస్తే మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన న్యూజెర్సీ ఎడిసన్ కూడా కాగితం మీద టౌన్‌షిప్పే, 2020లో లక్షా ఏడు వేల మంది. టౌన్‌షిప్ అన్న మాట ఒక్కటే పట్టుకుంటే ఏమీ తెలియదు.

ఇక లెక్క పెట్టడం ఎలా జరుగుతుందో నా కళ్ళతో చూసింది చెబుతాను. ఫారం నింపని ఇళ్ళకి మనుషులు వెళ్ళాలి. 2020లో కోవిడ్ వల్ల అది ఆగస్టు, సెప్టెంబరులకి జరిగింది. చేతికి ఒక ఐఫోన్ ఇచ్చారు, అందులో ఇళ్ళ జాబితా. గ్రావెల్ రోడ్డు, ముందు కారు లేపిన దుమ్ము అలాగే నిలబడి ఉంటుంది. రోడ్డు పక్కన మెయిల్‌బాక్స్ కనబడుతుంది కానీ ఇల్లు కనబడదు, పావు మైలు లోపలికి పోవాలి. గేటుకి "నో ట్రెస్‌పాసింగ్" బోర్డు. కారు ఆపేసరికి కుక్క వచ్చి డ్రైవర్ వైపు తలుపు దగ్గర కూర్చుంది, మొరగలేదు, కూర్చుంది అంతే. నేను దిగలేదు. కాసేపటికి ఒక పెద్దాయన నాలుగు చక్రాల బండి మీద వచ్చి, మెడలో బ్యాడ్జి చదివి, "దారి తప్పావనుకున్నాను" అన్నాడు. ఆయన చెప్పిన జవాబులు మాత్రం చెప్పను. టైటిల్ 13 అనే సెన్సస్ గోప్యత చట్టం కింద జీవితాంతం బయటపెట్టనని ప్రమాణం చేయించుకుంటారు, తప్పితే జైలు, లక్షల్లో జరిమానా.

చెప్పగలిగింది పద్ధతి గురించి. ఎన్నిసార్లు వెళ్ళినా తలుపు తీయకపోతే పక్కింటివాళ్ళని అడగాలి. పక్కిల్లు అంటే అక్కడ అర మైలు. వాళ్ళు "ఇద్దరనుకుంటా" అంటే ఇద్దరే. ఆ "అనుకుంటా" పట్టికలోకి ఎక్కదు. మనిషిని ఎక్కడ లెక్కించాలి అన్నదానికి సూత్రం ఒకటే: ఏప్రిల్ 1 నాటికి ఎక్కువ కాలం ఎక్కడ ఉంటూ పడుకుంటారో అక్కడ. చలికాలం ఫ్లోరిడాలో గడిపే పెద్దవాళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడుంటే ఇక్కడే లెక్క. కాలేజీ హాస్టల్లో ఉన్న కొడుకు మాత్రం కాలేజీ ఊరి లెక్కలోకి పోతాడు. చెరువు గట్టున వేసవి ఇళ్ళు వంద ఉన్నా వాటిలో జనం సున్నా.

జైల్లో ఉన్నవాళ్ళు జైలు ఉన్న చోటే లెక్క. చౌకగా భూమి దొరుకుతుందని జైళ్ళు పల్లెల్లో కడతారు, దాంతో ఊరి జనాభా ఉన్నట్టుండి ఉబ్బుతుంది. అయోవాలో అనమోసా అనే చిన్న ఊళ్ళో 2000 లెక్కల ప్రకారం ఒక వార్డు జనాభాలో నూటికి 96 మంది జైల్లో ఉన్నవాళ్ళే. వాళ్ళకి ఓటు లేదు. 2005లో ఆ వార్డు నుంచి ఒకాయన రెండంటే రెండు ఓట్లతో కౌన్సిల్‌కి గెలిచాడు. కాబట్టి ఏదైనా చిన్న టౌన్‌షిప్‌లో మగవాళ్ళ సంఖ్య ఆడవాళ్ళకి రెట్టింపు కనబడితే ఆశ్చర్యపోకుండా మ్యాపులో జైలు కోసం వెతకండి.

2020 లెక్కకి ఇంకో విశేషం ఉంది, మీ 0.3 శాతం సంగతి తేలేది ఇక్కడే. చిన్న ఊళ్ళ పట్టికలు చూసి ఫలానా ఇంట్లో ఎవరున్నారో కంప్యూటర్‌తో కూపీ లాగొచ్చని సెన్సస్ బ్యూరో భయపడింది. అందుకని డిఫరెన్షియల్ ప్రైవసీ అనే పద్ధతి తెచ్చి, ప్రచురించే అంకెల్లో కొంచెం కావాలనే కలుపుతారు, కొంచెం తీస్తారు. రాష్ట్రం మొత్తం జనాభాని ముట్టుకోరు. కిందికి పోయేకొద్దీ తేడా తెలుస్తుంది. నెబ్రాస్కాలో మోనోవై అనే ఊరుంది. 2010లో జనాభా ఒకటి. ఒకే ఒక పెద్దావిడ. మేయరు ఆవిడే, క్లర్కు ఆవిడే, ఊళ్ళో టావెర్న్ నడిపేదీ ఆవిడే. 2020 లెక్కల్లో జనాభా రెండు అని వచ్చింది. ఆ రెండో మనిషి ఎవరూ లేరు, కంప్యూటరు కలిపిన మనిషి.

మీ టౌన్‌షిప్‌లో 0.3 శాతం ఏషియన్లు అంటే 1,140లో ముగ్గురు. అది ఒక ఇల్లు కావచ్చు, ముగ్గురు వేరే వేరే ఇళ్ళలో కోడళ్ళు కావచ్చు, ఆ ముగ్గురిలో ఇద్దరు కంప్యూటరు మనుషులు కూడా కావచ్చు. మనవాళ్ళున్నారా అన్న ప్రశ్నకి ఆ అంకె జవాబు చెప్పదు. దానికి బదులు ఇరవై నిమిషాల దూరంలో పెద్ద ఆసుపత్రి ఉందా చూడండి. ఉంటే అక్కడ మన డాక్టర్లు ఉంటారు. నా అనుభవంలో సెన్సస్ కంటే నమ్మకమైన సూచన అదే.

2020 పట్టికలో చిన్న ఊరికి కూడా మార్చకుండా ఇచ్చిన అంకె ఒకటుంది: మొత్తం ఇళ్ళ సంఖ్య. మీరు చూడాల్సింది అది. 2010లో 500 ఇళ్ళు, 2020లో 525 ఇళ్ళు, జనం మాత్రం 70 తగ్గారు అనుకోండి. అది ఖాళీ అవుతున్న ఊరు కాదు. పిల్లలు పెరిగి వెళ్ళిపోయారు, అమ్మానాన్నలు అదే ఇంట్లో ఉన్నారు, పక్కన కొత్తిళ్ళు లేస్తున్నాయి. ఇళ్ళూ తగ్గి జనమూ తగ్గితే అప్పుడు ఆలోచించాలి.

ఆదాయం, చదువు, ఇంట్లో మాట్లాడే భాష లాంటివి సెన్సస్‌లో అడగరు. అవి అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి వస్తాయి. అది శాంపిల్ సర్వే. 65 వేల కంటే తక్కువ జనాభా ఉన్న చోట్లకి అయిదేళ్ళ జవాబులు కలిపి ఇస్తారు. పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో అంకె ఉంటుంది, వెబ్‌సైట్లు దాన్ని మింగేస్తాయి. మీడియన్ ఆదాయం 71,000 డాలర్లు, ప్లస్ ఆర్ మైనస్ 14,000 అని ఉంటే, 57 కావచ్చు, 85 కావచ్చు. ఇంకా బయట కూడా పడొచ్చు. "ఈ టౌన్‌షిప్ ఆదాయం ఒక్క ఏడాదిలో 12 శాతం పెరిగింది" అని రియల్ ఎస్టేట్ సైట్ చెబితే నవ్వి ఊరుకోండి.

నిజంగా ఖాళీ అయిపోయిన టౌన్‌షిప్ ఎలా ఉంటుందో తెలియాలంటే న్యూజెర్సీలో వాల్‌ప్యాక్ చూడాలి. ఒకసారి ఆ దారిలో వెళ్ళాం. తెల్ల రంగు చెక్క ఇళ్ళు, చర్చి, అన్నీ ఉన్నాయి, మనుషులు లేరు. 1955లో డెలావేర్ నదికి పెద్ద వరద వచ్చింది. టాక్స్ ఐలాండ్ దగ్గర ఆనకట్ట కడతామని 1962లో కాంగ్రెస్ ఆమోదించింది. అంతే, లోయంతా ముంపు ప్రాంతం. ఇళ్ళు, పొలాలు ప్రభుత్వం తీసుకుంది, ఇష్టంగా అమ్మినవాళ్ళు కొందరు, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు కొందరు. ఇక్కడి నుంచి కథ మన ముంపు గ్రామాల కథలా ఉండదు. ఖర్చు పెరిగింది, వ్యతిరేకత పెరిగింది, 1975లో ఆ నదిని పంచుకునే నాలుగు రాష్ట్రాల్లో మూడు వద్దన్నాయి. చివరికి పథకాన్ని పూర్తిగా రద్దు చేశారు. ఆనకట్ట రాలేదు, నీళ్ళు రాలేదు, పోయిన జనం తిరిగి రాలేదు. ఆ నేల ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. వాల్‌ప్యాక్ జనాభా 2000లో 41, 2010లో 16, 2020లో 7. కాగితం మీద ఇప్పటికీ అది టౌన్‌షిప్పే. మీ 1,210 నుంచి 1,140ని దీని పక్కన పెట్టి చూసుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

జనాభా అంకె టౌన్‌షిప్‌వాళ్ళకి ఎందుకంత ముఖ్యమంటే, మిషిగన్ రాజ్యాంగం ప్రకారం 4 శాతం సేల్స్ ట్యాక్స్ వసూళ్ళలో 15 శాతాన్ని సిటీలు, విలేజ్‌లు, టౌన్‌షిప్‌లకి తలకింత చొప్పున పంచాలి. లెక్కలో తప్పిన ప్రతి మనిషీ పదేళ్ళపాటు నష్టం. ఫారం నింపమని టౌన్‌షిప్ క్లర్కు బతిమాలేది అందుకే.

పిల్లల విషయంలో పదేళ్ళకోసారి వచ్చే లెక్క కోసం ఆగక్కర్లేదు. మిషిగన్‌లో అక్టోబరు మొదటి బుధవారం కౌంట్ డే. ఆ రోజు బడిలో ఉన్న పిల్లల సంఖ్య మీద రాష్ట్రం డబ్బు ఇస్తుంది, అందుకే ఆ రోజు హాజరు గురించి బళ్ళు తెగ హడావిడి చేస్తాయి. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ పదేళ్ళ అంకెలు తీయించి కిండర్‌గార్టెన్ వరస ఒక్కటి చూడండి. 60, 58, 61 అని నిలకడగా ఉంటే బాగుంది. 60 నుంచి 38కి జారితే ఇంకొన్నేళ్ళలో ఒక బడి మూసి పక్కదానిలో కలుపుతారు, బస్సు ప్రయాణం పెరుగుతుంది.

ఇక మీరు అడగనిది ఒకటి, అడగాల్సింది. అమ్మేవాళ్ళ పన్ను బిల్లు చూసి బడ్జెట్ వేసుకోకండి. 1994 ప్రపోజల్ ఎ తర్వాత మిషిగన్‌లో, పాత యజమాని ఉన్నంత కాలం పన్ను విలువ ఏడాదికి ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతే పెరుగుతుంది. ఇల్లు చేతులు మారగానే మరుసటి ఏడాది ఆ మూత ఎగిరిపోతుంది, మార్కెట్ విలువలో సగానికి వచ్చి కూర్చుంటుంది. పాతికేళ్ళుగా ఉన్న పెద్దాయన పన్ను విలువ 80,000 అనుకోండి, ఇల్లు మీకు 3,80,000 డాలర్లకి వస్తే మీది 1,90,000. 30 మిల్స్ రేటు (పన్ను విలువలో వెయ్యి డాలర్లకి 30 డాలర్లు) అయితే ఆయన 2,400 కట్టేవాడు, మీరు 5,700 కడతారు. నా స్నేహితుడొకడు ఈ సంగతి తెలియక రెండో ఏడాది పన్నుతో కలిపి పెరిగిన నెలవారీ కంతు చూసి బ్యాంకు మోసం చేసిందని గొడవ పెట్టుకున్నాడు. కొన్న 45 రోజుల్లో ట్రాన్స్‌ఫర్ అఫిడవిట్ టౌన్‌షిప్ అసెసర్‌కి ఇవ్వాలి, సొంతానికి ఉండే ఇల్లయితే ప్రిన్సిపల్ రెసిడెన్స్ ఎగ్జెంప్షన్ కాగితం కూడా అప్పుడే ఇచ్చేయండి, స్కూల్ పన్నులో 18 మిల్స్ దాకా తగ్గుతాయి.

మిగతావి చకచకా. గ్రావెల్ రోడ్డు బాగులేదని టౌన్‌షిప్ మీద అరవకండి, 1931 నుంచి మిషిగన్‌లో పల్లె రోడ్లు కౌంటీవాళ్ళవి. బావి నీళ్ళు కొనేముందే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, నైట్రేట్, ఆర్సెనిక్ రెండూ. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడు తోడించారో రసీదు అడగండి. ఇంటర్నెట్ ఆ గుమ్మం దాకా వస్తుందా అన్నది కంపెనీ మ్యాపు చూసి నమ్మొద్దు, అదే రోడ్డు మీద ఉన్నవాళ్ళని అడగండి. ఏప్రిల్‌లో పక్క పొలంలో పేడ ఎరువు చల్లితే వారం రోజులు కిటికీలు తెరవలేరు. ఫిర్యాదు పెద్దగా నిలవదు, రైట్ టు ఫార్మ్ అని 1981 నుంచి చట్టం ఉంది. వాసన పడనివాళ్ళు ఏప్రిల్‌లోనే ఇల్లు చూడ్డానికి వెళ్ళాలి, అమ్మేవాళ్ళు జూన్‌లో రమ్మంటారు.

ఉండగలమా అంటే, మేం ఉన్నాం. మొదటి చలికాలం కష్టం. రెండోసారి మంచు పడ్డప్పుడు ఎవరో అడక్కుండానే మా డ్రైవ్‌వే దున్నేసి వెళ్ళిపోయారు, ఎవరో తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది. అర మైలు అవతల ఆయన. పులిహోర తీసుకెళ్ళి ఇచ్చాం. గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో మేపుల్ సిరప్ సీసా ఉంది.

సంతకం పెట్టేముందు ఒక్క పని చేయండి. టౌన్‌షిప్ హాలు తెరిచి ఉండే రోజు కనుక్కుని (వారానికి ఒకటో రెండో ఉంటాయి) వెళ్ళి, గత ఏడాది బోర్డు మీటింగుల మినిట్స్ చూపించమనండి. మీ చుట్టుపక్కల సోలార్ ప్లాంటు వస్తుందా, కంకర క్వారీ అడుగుతున్నారా, ఫైర్ స్టేషన్‌కి కొత్త మిల్లేజ్ (ఆస్తి పన్ను) పెడుతున్నారా, అన్నీ అందులో ఉంటాయి. వెళ్ళేటప్పుడు పార్సెల్ నంబరు రాసుకెళ్ళండి. చాలా కౌంటీల్లో ఆ నంబరు లోపలే సెక్షన్ నంబరు కూడా దాగి ఉంటుంది. 16 అని కనబడితే మీ పదెకరాలు పాత బడి నేల.